కెజియా చుట్టిన నాలుగు వరసలు

మెరుపును చేసింది దేవుడే కావచ్చు, కాదనను. కానీ దానికి కుడి ఏదో ఎడమ ఏదో నేర్పింది మాత్రం మా అమ్మమ్మ కెజియా డుప్రీ. పెద్ద చదువులు చదివినవాళ్లెవరూ ఈ సంగతి తమ పుస్తకాల్లో రాసుకోలేదు. రాసుకోకపోతే నష్టం వాళ్లకే. అమ్మమ్మకు చదవడం రాదు గనక నేను రాస్తున్న ఈ కాగితాల్లో ఏం ఉందో ఆవిడకు ఇంకా తెలియదు. తెలిసేదాకా భయం లేదు.

స్పిటల్‌ఫీల్డ్స్‌లో మా వీధివీధంతా పట్టు నేసేవాళ్లే. ఎప్పుడో ముత్తాతల నాడు ఫ్రాన్సు నుంచి పారిపోయి లండన్ చేరారు. ఇంటిపేర్లు మిగిలాయి గానీ ఫ్రెంచి ముక్క ఒక్కటీ మిగల్లేదు. ఏ ఇంటి మేడ మీద చూసినా పొడుగాటి కిటికీ, కిటికీ ముందు మగ్గం, మగ్గం పక్కన పంజరం, అందులో లినెట్ పిట్ట. కెజియా ఇంట్లో మేడ మీద మగ్గం మొగుడు ఏబెల్‌ది. కింది గదిలో రాట్నం ఆవిడది. ఏబెల్ నేసేది దొరసానుల గౌన్లకు వెళ్లేది. కెజియా చేసేది దొరసానుల టోపీలకు వెళ్లేది. అయినా ఇద్దరిలో ఎవరి పని గొప్పదని అడిగితే పిట్ట కూడా కెజియా వైపే కూసేదని వీధిలో చెప్పుకునేవారు.

ఆడవాళ్ల టోపీ అంచు నిటారుగా నిలబడాలంటే లోపల సన్నని ఇనప తీగ ఉండాలి. తీగ బయటికి కనపడకూడదు. వానలో తడిసి తుప్పు పట్టి దొరసాని నుదుటి మీద ఎర్రటి చార దింపకూడదు. అందుకని తీగ మీద పట్టుదారం ఒత్తుగా చుడతారు. ఆ చుట్టడమే కెజియా పని. ముందు ఒక పొర కుడివైపుగా చుట్టేది, దాని మీద రెండో పొర ఎడమవైపుగా. ఒకే వైపు చుడితే పట్టు పురి విప్పుకుని జారిపోతుంది. ఎదురెదురుగా చుడితే రెండు పొరలూ ఒకదాన్నొకటి పట్టుకుని కదలకుండా కూచుంటాయి. ఇది ఆవిడకు తల్లి నేర్పింది, ఆ తల్లికి ఆవిడ తల్లి. కెజియాకు ఈ సూత్రం ఎంత ఒంటబట్టిందంటే, ఆదివారం గుడ్డలో ఉడికించే పుడ్డింగు మూటకు తాడు కట్టినా ఒక చుట్టు ఇటు, ఒక చుట్టు అటు వేసేది. ఆ మూట విప్పేసరికి మా తాతకు ఆకలి చచ్చిపోయేది.

చుట్టిన తీగలో ఎక్కడైనా లోపం ఉందేమో కంటితో చూసేది కాదు. కింది పెదవి మీదుగా మెల్లగా లాగేది. దారం ఒక్క వెంట్రుకవాసి ఎడమైనా, లోపలి లోహం చల్లగా పెదవికి తగిలేది. ముప్ఫై ఏళ్లు అలా లాగి లాగి పెదవి మధ్యలో చిన్న గాడి పడిపోయింది. "దీన్ని ముద్దు పెట్టుకుంటే రంపాన్ని ముద్దు పెట్టుకున్నట్టే," అనేవాడు ఏబెల్. "నిన్నెవడు పెట్టుకోమన్నాడు?" అనేది కెజియా.

1831 వసంతంలో, క్లర్కెన్‌వెల్‌లో పరికరాలు చేసే ఒబడయా పెన్‌ఫోల్డ్ ఆ గుమ్మం ఎక్కాడు. దిక్సూచులు, త్రాసులు, దూరదర్శినులు చేయడం ఆయన వృత్తి. చేతిలో రాగి తీగ చుట్ట ఒకటి, చంకలో రెండు జానల ఇనప కడ్డీ ఒకటి.

"ఏమ్మా కెజియా, ఈ తీగకి పట్టు చుట్టి పెట్టాలి. మొత్తం."

"మొత్తమా? ఇంత పొడుగు టోపీ ఎవరిదండీ, గంటస్తంభానిదా?"

"టోపీకి కాదమ్మా, ఈ కడ్డీకి."

"కడ్డీకి చలేస్తోందా?"

పెన్‌ఫోల్డ్ నవ్వేసి, స్టూలు లాక్కుని కూచున్నాడు. రాగి రేకులూ జింకు రేకులూ ఆమ్లపు తొట్టెలో నిలబెడితే విద్యుత్తు పుడుతుందట. తీగ చివరలు రెండూ ఆ తొట్టెకు కలిపితే అది తీగ వెంబడి పరిగెడుతుందట. ఆ తీగను ఇనుము చుట్టూ తిప్పితే ఇనుము సూదంటురాయి అయిపోతుందట. తీగ ఊడబీకగానే మళ్లీ మామూలు ఇనుమట. ఇన్నాళ్లూ అందరూ కడ్డీకి లక్క పూసి, వట్టి తీగను ఎడమెడంగా ఒక్క వరసే చుట్టేవాళ్లు, చుట్టుకు చుట్టు తగిలితే అది అడ్డదారిన పారిపోతుందని. అమెరికాలో ఎవరో తీగకే పట్టు తొడిగి, వరస మీద వరస చుట్టి పెద్ద పెద్ద బరువులు లేపారని కబురొచ్చింది.

కెజియా రాట్నం ఆపి వింది.

"అది పరిగెత్తేది తీగ లోపలా, తీగ పైనా?"

పెన్‌ఫోల్డ్ తల అడ్డంగా ఊపాడు. "అది ఇంకా ఎవరికీ తెలీదమ్మా."

"మరి పట్టు దాన్ని ఆపుతుందని ఎలా తెలిసింది?"

"ఆపుతోంది గనక తెలిసింది. ఎందుకు ఆపుతోందో తెలీదు."

"ఎటు నుంచి ఎటు పోతోంది?"

"ఇటు నుంచి అటు అనుకుంటున్నాం."

"అనుకుంటున్నారా! మా ఆయన కూడా ఇలాగే చెప్తాడండీ, పబ్బు నుంచి ఎప్పుడొస్తావంటే."

అన్ని మాటలన్నా ఆ ఇనుము సంగతి ఆవిడ మనసులో దిగబడిపోయింది. చుట్టగానే సూదంటురాయి, విప్పగానే వట్టి ఇనుము! ఆవిడ ముప్ఫై ఏళ్లు తీగ చుట్టింది. ఒక్క తీగ కూడా ఇలాంటిదేదీ చేసి చూపించలేదు.

పెన్‌ఫోల్డ్ లేస్తూ, "నీకు రాట్నం ఉంది, చెయ్యి సాఫీగా నడుస్తుంది. కడ్డీ మీద నాలుగు వరసలు నువ్వే చుట్టేసి ఇవ్వు. రెండు వారాలయ్యాక శనివారం, మీ ఏబెల్ కూడా వచ్చే మన లెక్కల సంఘంలో చూపించాలి," అన్నాడు. ఎటు చుట్టాలో ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు. అన్నీ అడిగిన మనిషి అదొక్కటీ అడగలేదు, ఎందుకంటే అది ఆవిడకు తెలిసిన పని.

పన్నెండు రోజులు పట్టు చుట్టింది. తర్వాత కడ్డీని రాట్నానికి బిగించి మొదటి వరస ముందుకు తిప్పి చుట్టింది. చివర తీగను మెలికేసి దారంతో కట్టి, రెండో వరస రాట్నాన్ని వెనక్కి తిప్పి చుట్టింది. మూడోది ముందుకు, నాలుగోది వెనక్కు. ఎంత ముద్దొచ్చేలా కుదిరిందంటే, ఇచ్చే ముందు వీధిలో నలుగురికీ చూపించింది.

శనివారం సంఘంలో ఏం జరిగిందో ఏబెల్ చెప్పలేదు. ఇంటికొచ్చి తిన్నగా పడుకున్నాడు. ఆదివారం పిట్టకు గింజలు రెండుసార్లు పోశాడు. సోమవారం నేతగాళ్లకు సెలవు, మా వీధిలో ఎవరూ మగ్గం ముట్టరు గనక పావురాల గూడు దగ్గర నిలబడి ఉండగా, పెన్‌ఫోల్డ్ వచ్చి గుమ్మంలోంచే కేకేశాడు.

"ఒక్క మేకు! ఒక్క మేకునైనా లేపలేదమ్మా నీ కడ్డీ! యాభై మంది ముందు నేను మేకుల పళ్లెం పట్టుకుని బిచ్చగాడిలా నిలబడ్డాను!"

"తొట్టె సరిగ్గా లేదేమో."

"తొట్టె బంగారంలా ఉంది. నీ తీగే ఎక్కడో బయటపడి ఉంది. లోపలికి పోవలసింది అక్కడ దారి తప్పిపోయింది. ఇంకేం కావాలి?"

కెజియా కింది పెదవి బిగుసుకుంది. "నా తీగలో ఈగ కాలు పెట్టేంత సందు కూడా ఉండదు పెన్‌ఫోల్డ్ గారూ."

"ఉంది. షావుకారుతో కూడా అదే అన్నాను."

షావుకారంటే టోపీ తీగ ఇచ్చేవాడు. వీధిలో తీగ చుట్టే ఆడవాళ్లందరికీ ఆయనే తీగ కండెలు పంపేవాడు. లెక్కల సంఘానికి పెద్దల్లో ఒకడు కూడా. మంగళవారం పొద్దున ఆయన బండి వీధిలోకొచ్చింది, అన్ని గుమ్మాల ముందూ ఆగింది, కెజియా గుమ్మం దాటి వెళ్లిపోయింది. లోపం ఉన్న తీగ అన్న పేరు ఒక్కసారి పడితే టోపీలు కుట్టేవాళ్లెవరూ ఆ చేతి తీగను ముట్టరు. అది ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అలా పేరు పోయి కాగితపు పెట్టెలు అతికించుకుంటున్న ఇద్దరు ఆ వీధిలోనే ఉన్నారు.

కెజియా శాలువా కప్పుకుంది.

"ఎక్కడికే?" అన్నాడు ఏబెల్ మేడ మీంచి.

"నా తీగని చూడ్డానికి."

"ఆయన తిడితే?"

"నువ్వు రోజూ తిట్టించుకోవడం లేదూ? చచ్చిపోయావా?"

క్లర్కెన్‌వెల్ దుకాణంలో ఆమ్లం ఘాటుకు కళ్లు మండాయి. పెన్‌ఫోల్డ్ తిట్టడానికి సిద్ధపడ్డాడు గానీ ఆవిడ అందుకు వ్యవధి ఇవ్వలేదు.

"మీరు చూశారా, తీగ ఎక్కడ బయటపడిందో?"

"చూడక్కర్లేదు."

"నాకు అక్కరుంది. తొట్టె పెట్టండి. నేను వరసలు విప్పుతా, మీరు ఆ దిక్సూచి కడ్డీ కొస దగ్గర పట్టుకుని కూచోండి. ఏ వరసలో లోపముందో అది విప్పేసరికి బయటపడుతుంది కదా."

ఆ మాట పెన్‌ఫోల్డ్‌కు నచ్చింది. తొట్టె తీగల కొసలు నాలిక మీద ఆనించి, "పుల్లగా ఉంది, తొట్టె బాగానే ఉంది," అని, కడ్డీ తీగ చివరలు తొట్టెకు కలిపాడు. కడ్డీ కొస దగ్గర దిక్సూచి పెట్టాడు. సూది కాస్త కదిలి, ఆవులించినట్టు చేసి, మళ్లీ పడుకుంది. నాలుగు వరసల తీగ, దానికింద ఇనుము, పక్కన నిండు తొట్టె. అయినా చచ్చిన కడ్డీ.

కెజియా పైనున్న నాలుగో వరస విప్పింది. విప్పిన తీగను కత్తిరించలేదు, బల్ల మీంచి దూరంగా నేల మీదకు వదిలింది. కడ్డీ మీద ఇక మూడే వరసలు. పెన్‌ఫోల్డ్ తొట్టెకు కలిపాడు.

సూది గిర్రున తిరిగి కడ్డీ వైపు చూసింది.

"చూశావా! ఆ నాలుగో వరసలోనే ఉంది లోపం! చూశావా!" పెన్‌ఫోల్డ్ బల్ల మీద చరిచాడు.

కెజియా ఒక చెయ్యి నీళ్లలో తడుపుకుని, తొట్టె నుంచి వచ్చే ఒక వట్టి తీగను ఆ చేత్తో పట్టుకుంది. రెండో చేత్తో నేల మీది పట్టు తీగను తీసి, పెదవి తడుపుకుని, దాని మీదుగా మెల్లగా లాగడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"ఇందాక మీరు నాలిక మీద పెట్టుకుని చూస్తుంటే చూశాను. పుల్లగా ఉంటుందన్నారు. తీగ ఎక్కడైనా బయటపడి ఉంటే పెదవికి పుల్లగా తగలాలి కదా."

నాలుగో వరస తీగంతా లాగింది. పట్టు రుచి తప్ప ఇంకేం తగల్లేదు. పెన్‌ఫోల్డ్ నమ్మక, తానూ లాగి చూశాడు. ఆయన పెదవికి అలవాటు లేక ఎర్రగా వాచింది గానీ పులుపు తగల్లేదు.

"సరే, మూడు వరసల్లో బతికింది కదా. ఇంకోటి విప్పితే ఇంకాస్త తగ్గుతుంది, అంతే," అన్నాడు పెన్‌ఫోల్డ్.

ఆవిడ మూడో వరస విప్పింది. రెండు మిగిలాయి. తొట్టెకు కలిపితే సూది పడుకునే ఉంది. ఒక్క రవ్వ కదల్లేదు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

రెండో వరస విప్పింది. ఒకటి మిగిలింది. సూది మళ్లీ గిర్రున తిరిగింది.

"నాలుగు చచ్చింది. మూడు బతికింది. రెండు చచ్చింది. ఒకటి బతికింది," అన్నాడు పెన్‌ఫోల్డ్ వేళ్లు మడుస్తూ. "ఇదేం లెక్కమ్మా? తీగ తగ్గితే బలం తగ్గాలి. పెరుగుతుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. దీనికేమైనా పూనకమా?"

కెజియా ఖాళీ అవుతున్న కడ్డీని తిప్పి తిప్పి చూస్తోంది. బేసి, సరి. బేసి, సరి. మగ్గం ముందు పుట్టి పెరిగిన మనిషికి బేసి సరి అంటే ఒక్కటే అర్థం. పేక దారం మోసే నాడె అటు వెళ్లడం, ఇటు రావడం.

"పెన్‌ఫోల్డ్ గారూ, ఆ తొట్టె దగ్గర తీగ కొసలు రెండూ అటుదిటు మార్చి కలపండి."

ఆయన మార్చాడు. సూది ఇందాకటి కొస కాక, రెండో కొస కడ్డీకి చూపించింది.

"ఇందాక మొహం చూపించింది. ఇప్పుడు వీపు చూపిస్తోంది," అంది కెజియా. "ఎటు పోతోందో మనకి తెలీదు గానీ దానికి తెలుసండీ. ఇటు చుడితే ఒకటి, అటు చుడితే ఒకటి."

"అయితే?"

"అయితే ఏముంది. ఒక వరస ముందుకి చుట్టాను, ఒక వరస వెనక్కి చుట్టాను. ఒకడు ఇటు లాగుతుంటే ఒకడు అటు లాగుతున్నాడు. ఇద్దరిద్దరు సమానంగా ఉంటే కదలదు. ఒకడు ఎక్కువైతే వాడిది గెలుపు."

"వెనక్కి ఎవరు చుట్టమన్నారమ్మా నిన్ను?"

"ఎవరూ అనలేదు. పట్టు అలాగే చుడతాం."

పెన్‌ఫోల్డ్ తన కుర్చీ ఆవిడకిచ్చి, తాను స్టూలు మీద కూచున్నాడు. ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ చుట్టడం, విప్పడం, చుట్టడం. నాలుగు వరసలూ ఒకే వైపు చుట్టి తొట్టెకు కలిపితే, మేకుల పళ్లెం దగ్గరకు తెచ్చేలోపే మేకులు ఎగిరి కడ్డీకి అంటుకున్నాయి. పెన్‌ఫోల్డ్ తాళంచెవుల గుత్తి అంటుకుంది. కెజియా తన కత్తెర చేతిలోంచి జారిపోబోతుంటే పట్టుకుని, వదిలి, పట్టుకుని, వదిలి, పదిసార్లు అలా చేసింది. తొట్టె నుంచి తీగ ఊడబీకినప్పుడల్లా అన్నీ కుప్పగా రాలేవి. రాలినప్పుడల్లా ఆవిడకు నవ్వొచ్చేది. మధ్యాహ్నం తిండి సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. సాయంత్రం వీధిలో ఉప్పుచేప ముక్కలు కొనుక్కుని, తింటూ మళ్లీ మొదలుపెట్టారు.

వెళ్లేముందు కెజియా అసలు సంగతి ఎత్తింది. "శనివారం సంఘంలో నా తీగలో లోపం లేదని చెప్పాలి."

పెన్‌ఫోల్డ్ గడ్డం గోక్కున్నాడు. "చెప్తాను. ఆమ్లం పాతదైపోయిందని చెప్తాను. నీకూ మాట రాదు, నాకూ మాట రాదు."

"తొట్టె బంగారంలా ఉందన్నారుగా."

"అమ్మా, తీగ బాగుంది, చుట్టడం తప్పు అని చెప్తే, చుట్టిందెవరంటారు. నీ పేరే వస్తుంది. ఒక మచ్చ తుడిచి ఇంకో మచ్చ పెట్టించుకుంటావా?"

ఆవిడ ఆ మాట ఇంటికి మోసుకొచ్చింది. ఏబెల్ విని, "ఆయన చెప్పిందే మంచిది. ఆమ్లం మీదకు తోసెయ్. ఆమ్లానికి పెళ్లాం పిల్లలు లేరు," అన్నాడు.

"ఏవయ్యా, షావుకారు ఏమంటాడు? ఆమ్లం పాతది సరే, తీగ మంచిదేనా అంటాడు. దానికి ఈయన దగ్గర జవాబేముంది? నాలుగు వరసల లెక్క చెప్తేనే కదా తీగ మంచిదని తేలేది? ఆ లెక్క చెప్పాలంటే నా తప్పు చెప్పాలి."

"వాళ్లు నవ్వుతారే."

"నవ్వనీ. నవ్వినా కండెలు పంపిస్తారు. లోపం ఉందనుకుంటే నవ్వరు, పంపించరు. శనివారం నువ్వే అడగాలి."

"నేనా!"

ఏబెల్ సంఘంలో పదకొండేళ్లుగా ఉన్నాడు. ఈ పదకొండేళ్లలో ఒక్క ప్రశ్నా అడగలేదు.

వీధి చివర పబ్బు మేడ మీద శనివారం సాయంత్రాలు ఆ సంఘం కూచునేది. అందరూ నేతగాళ్లే, ఒకరిద్దరు వర్తకులు. లెక్కలు చేసుకోవడం, ఎవరికైనా కొత్త సంగతి తెలిస్తే నలుగురికీ చెప్పడం. వాళ్లకొక కట్టుబాటు ఉండేది. సభ్యుడెవరైనా లేచి ఒకరిని ప్రశ్న అడిగితే ఆ మనిషి జవాబు చెప్పి తీరాలి. దాటెయ్యకూడదు, అబద్ధం ఆడకూడదు. తెలియకపోతే తెలియదని ఒప్పుకుని, తన మట్టి పైపు బల్ల మీద బోర్లించాలి. ఆ ప్రశ్నకు ఎవరో ఒకరు జవాబు చెప్పేదాకా పొగ తాగకూడదు. ఆడవాళ్లకు మేడ మీదకు ప్రవేశం లేదు. కెజియా బీరు గ్లాసు పట్టుకుని మెట్ల మీద, పైనుంచి నాలుగో మెట్టు మీద కూచుంది. మెట్లు ఎక్కకూడదని కట్టుబాటులో లేదు.

పెన్‌ఫోల్డ్ కడ్డీని తొట్టెకు కలపగానే పైన మేకులు గలగలమన్నాయి. ఎవరిదో కత్తెర, ఎవరివో తాళంచెవులు. కాళ్లు నేలకేసి కొట్టి సంబరపడ్డారు. షావుకారు గొంతు వినిపించింది. "పోయిన వారం ఏమైందండీ మరి?"

"ఏదో చిన్న చిక్కు లెండి," అన్నాడు పెన్‌ఫోల్డ్.

షావుకారు పద్ధతి ప్రకారం లేచి అడగలేదు గనక ఆ జవాబు చెల్లిపోయింది. కెజియా మెట్టు మీద వేళ్లు బిగించింది. ఒక్క క్షణం, ఇంకో క్షణం. తర్వాత కుర్చీ ఒకటి కిర్రుమంది. ఆ కుర్చీ చప్పుడు ఆవిడకు తెలుసు, మనిషి బరువును బట్టి.

"నా పేరు ఏబెల్ డుప్రీ," అన్నాడు మా తాత, అక్కడ తన పేరు తెలియనివాళ్లెవరో ఉన్నట్టు. "పెన్‌ఫోల్డ్ గారిని ప్రశ్న అడుగుతున్నాను. ఆ చిక్కేమిటి?"

పెన్‌ఫోల్డ్ పైపు తీసి చేతిలో పట్టుకున్నాడు. బోర్లించడానికి లేదు, ఆయనకు జవాబు తెలుసు.

"తీగకు చుట్టిన పట్టులో లోపం లేదు," అన్నాడు. "పోయిన వారం ఉందన్నాను. అది తప్పు. నేను చూడకుండా అన్నాను. ఇంతకన్నా శుభ్రంగా పట్టు చుట్టిన తీగ ఈ ఊళ్లో లేదు. కడ్డీ మీద వరసలు చుట్టడంలో తప్పు జరిగింది. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు. ఒకదాన్నొకటి చంపేశాయి."

"చుట్టిందెవరు?" అన్నాడు షావుకారు, ఈసారి లేచి నిలబడే.

"కెజియా డుప్రీ."

నవ్వులు లేచాయి. ఏబెల్ చెవులు ఎర్రబడి ఉంటాయని మెట్ల మీంచే ఆవిడకు తెలిసింది.

"తప్పు కనిపెట్టిందెవరు?" షావుకారు వదల్లేదు.

"ఆవిడే," అన్నాడు పెన్‌ఫోల్డ్. "నేను పక్కన కూచుని దిక్సూచి పట్టుకున్నాను."

నవ్వులు ఒక్కసారిగా ఆగాయి. అప్పుడు సంఘం పెద్ద, ముసలి గోతియే, దగ్గి గొంతు సవరించుకున్నాడు. "ఎదురెదురుగా చుడితే చచ్చిపోతుంది, బాగుంది. ఎందుకు చచ్చిపోతుంది? తీగలో పోయేదానికి, బయట ఉన్న ఇనుముకి సంబంధమేమిటి? మధ్యలో పట్టు ఉంది కదా! పట్టు దాటి రాలేనిది ఇనుమునెలా పట్టుకుంటోంది? పెన్‌ఫోల్డ్, నిన్నే అడుగుతున్నాను."

పెన్‌ఫోల్డ్ పైపు బోర్లించాడు. గోతియే పక్కవాణ్ణి అడిగాడు, వాడూ బోర్లించాడు. బల్ల చుట్టూ వరసగా టక్, టక్, టక్ అని మట్టి పైపుల చప్పుడు. షావుకారుదీ బోర్లింది. చివరికి గోతియే తలుపు వైపు తిరిగి కేకేశాడు. "మెట్ల మీద కూచున్నామె పేరు మాకు తెలీదనుకోకు కెజియా! నీకు తెలుసా?"

"తెలీదు," అంది కెజియా. "మధ్యాహ్నాలన్నీ దాని గురించే ఆలోచిస్తున్నాను. తెలీదు."

"అయితే నీ పైపు బోర్లించు."

"నాకు పైపు లేదండీ. బీరు గ్లాసు బోర్లిస్తాను." అని, ముందు అందులో ఉన్నది తాగేసి, బోర్లించింది.

గోతియే నిట్టూర్చి తన పైపు కూడా బోర్లించాడు. ఆ సంఘం పుట్టాక ఒక్క ప్రశ్నకు గది మొత్తం పైపులు బోర్లించడం అదే మొదటిసారట. కట్టుబాటు కట్టుబాటే. ఆ సాయంత్రం ఇంకెవరూ పొగ తాగలేదు. పొగ తేలిపోయి మేడ మీది గది గోడలు ఏ రంగువో అందరికీ మొదటిసారి కనపడ్డాయి.

పైపులు మళ్లీ వెలిగించుకోవాలి గనక, ఆ ప్రశ్న కొట్టేసి ఇక ఎత్తకూడదని తర్వాతి వారం ఏకగ్రీవంగా తీర్మానించుకున్నారు.

పైపులు బోర్లించిన ఆ శనివారం తర్వాత, సోమవారం దాటి మంగళవారం వచ్చింది. షావుకారు బండి కెజియా గుమ్మం ముందు ఆగింది. బండివాడు కండెలు దింపి, "రెండు వారాలవీ కలిపి," అని మాత్రం అన్నాడు. పెన్‌ఫోల్డ్ ఆ తర్వాత పద్నాలుగేళ్లు, పోయేదాకా, తీగ చుట్టే పనంతా ఆవిడకే ఇచ్చాడు. ప్రతిసారీ కడ్డీ మీద సుద్దముక్కతో ఒక బాణం గుర్తు గీసి పంపేవాడు. అది చూసి ఆవిడ ప్రతిసారీ ఒకే మాట అనేది: "ఇంకా నమ్మకం కుదర్లేదు కాబోలు." టోపీల మోజు మారిపోయింది, నేతపని సన్నగిల్లింది, మగ్గాలు ఒక్కొక్కటే విప్పి అమ్ముకున్నారు. వీధిలో చాలామంది వేరే పనులు వెతుక్కోవలసి వచ్చింది. కెజియా ఇంట్లో మటుకు రాట్నం ఆగలేదు. టోపీల నుంచి అయస్కాంతాలకు, అయస్కాంతాల నుంచి టెలిగ్రాఫు గంటలకు, పట్టు మారలేదు, తీగ మారింది. ఎవరైనా చదువుకున్నవాళ్లు ఇంటికొస్తే, టీ ఇచ్చి, ముసలి గోతియే ప్రశ్న వాళ్లనూ అడిగేది. కొందరు ఏదో చెప్పేవాళ్లు. "శూన్యంలో గీతలట," "ఒత్తిడట" అని వాళ్లు వెళ్లాక ఏబెల్‌తో అనేది. ఎవరి జవాబూ ఆవిడకు పూర్తిగా ఆనలేదు. అయినా అడగడం మానలేదు. ఇప్పటికీ మానలేదు.

నేను నది ఒడ్డున టెలిగ్రాఫు కార్ఖానాలో తీగచుట్టలు చుట్టే పనిలో చేరి ఏడాదయింది. పోయిన నెల మా మేస్త్రీ కొత్త పని నేర్పాడు. విద్యుత్తుకు తీగ ఎంత అడ్డుపడుతుందో కొలిచే పెట్టె ఒకటుంది. అందులో పెట్టే తీగచుట్టలు సూదంటురాయి కాకూడదు, అయితే కొలిచే సూదిని లాగి కొలత చెడగొడతాయి. అందుకని తీగను మధ్యకు మడిచి, సగం ఇటు, సగం అటు నడిచేలా జంటగా చుట్టాలి. ఒకదాన్నొకటి చంపేసుకుని చుట్ట చడీచప్పుడు లేకుండా పడి ఉంటుంది. మేస్త్రీ దాన్ని ఎంతో తెలివైన ఏర్పాటని మెచ్చుకున్నాడు. నేను ఆ సాయంత్రం పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చాను.

అమ్మమ్మ కిటికీ దగ్గర తీగ పెదవి మీద లాగుతోంది. చూపు తగ్గింది, పెదవి తగ్గలేదు. అంతా చెప్పాను. "ముప్ఫై అయిదేళ్ల ముందే చుట్టేశావు అమ్మమ్మా! వాళ్లిప్పుడు జీతాలిచ్చి చుట్టిస్తున్నది నీ చుట్టే! వాళ్లందరికంటే ముందు నువ్వే! ఇది నీ గురించి రాస్తున్నదాంట్లో పెట్టేస్తాను, తప్పు కాదు, కొత్త పద్ధతి అని."

తీగ లాగడం ఆపలేదు ఆవిడ.

"వాళ్లు తెలిసి చుడుతున్నారు. నేను తెలీక చుట్టాను. రెండూ ఒకటేనని రాశావంటే, చదవడం రాకపోయినా ఆ కాగితం పొయ్యిలో పెట్టడం నాకొచ్చు."